గొప్ప ఫాస్ట్ బౌలర్ ఎవరు? అపోహలు – వాస్తవాలు

నిర్మల్ జిల్లా ఖానాపూర్‌లోనైనా, కరీంనగర్‌లోనైనా క్రికెట్ ముచ్చట మొదలైతే ఒక పంచాయితీ ఎంతకీ తెగదు: అందరికన్నా గొప్ప ఫాస్ట్ బౌలర్ ఎవరు? హైదరాబాద్ గల్లీల్లో టెన్నిస్ బంతితో ఎదిగిన మహ్మద్ సిరాజ్ టెస్టులు గెలిపించడం మొదలుపెట్టాక ఆ పంచాయితీలోకి మనోడి పేరు కూడా వచ్చి చేరింది. ర్యాంకులు ఇచ్చుకోవడంలో తప్పేం లేదు. కొలతలే సరిగ్గా ఉండాలి.

అపోహ: అందరికన్నా వేగంగా వేసినవాడే గొప్ప.

వాస్తవం: 2003 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌పై షోయబ్ అఖ్తర్ వేసిన ఓ బంతి గంటకు 161.3 కిలోమీటర్ల వేగం అందుకుంది. అయితే అతడు ఆడగలిగింది 46 టెస్టులే, తీసింది 178 వికెట్లు. గ్లెన్ మెక్‌గ్రాత్ వేగం ఎక్కువగా 130ల్లోనే ఉండేది. ఆఫ్ స్టంప్‌ను వదలకుండా, అదే చోట బంతిని పడేస్తూ బ్యాట్స్‌మన్ ఓపికను పరీక్షించేవాడు. 124 టెస్టుల్లో 563 వికెట్లు తీశాడు, అదీ 21.64 సగటుతో.

అపోహ: ఎక్కువ వికెట్లు తీసినవాడే మొదటి స్థానానికి అర్హుడు.

వాస్తవం: జేమ్స్ ఆండర్సన్ 704 టెస్టు వికెట్లు తీశాడు. ఫాస్ట్ బౌలర్లలో అంతకు మించినవాడు లేడు. ఆ 704కు అతడికి 188 టెస్టులు పట్టాయి. మాల్కం మార్షల్ 81 టెస్టుల్లోనే 376 తీశాడు. టెస్టుకు లెక్క కడితే ఆండర్సన్‌కు నాలుగు వికెట్లు కూడా రావు, మార్షల్‌కు నాలుగున్నర దాటుతాయి. సగటులోనూ తేడా పెద్దదే: ఒకరిది 26.45, ఇంకొకరిది 20.94. ఇరవై ఏళ్లపైగా ఒంటిని కాపాడుకుంటూ వేయడం ఆండర్సన్ గొప్పతనం. మ్యాచ్‌ను తొందరగా మలుపు తిప్పడం మార్షల్ గొప్పతనం. రెండూ వేర్వేరు.

అపోహ: అలాగైతే సగటు చూస్తే చాలు, తగవు తీరిపోతుంది.

వాస్తవం: సగటే లెక్కయితే పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ బౌలర్ జార్జ్ లోమన్‌కు ఎదురే లేదు. 18 టెస్టుల్లో 112 వికెట్లు, సగటు 10.75. అప్పట్లో పిచ్‌లపై కవర్లు ఉండేవి కావు. వానకు తడిసిన నేల మీద బంతి ఇష్టమొచ్చినట్టు తిరిగేది. పైగా లోమన్ మీడియం పేసర్. అందుకే బౌలర్‌ను అతడి కాలంలోని మిగతా బౌలర్ల పక్కన నిలబెట్టి చూడాలి. జస్‌ప్రీత్ బుమ్రా విలువ అప్పుడే తెలుస్తుంది. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో 200 వికెట్లు పూర్తిచేసేసరికి అతడి సగటు 20 లోపే ఉంది. ఆ మైలురాయిని అంత తక్కువ సగటుతో అందుకున్నవాడు అంతకుముందు ఎవరూ లేరు.

అపోహ: మన పిచ్‌లు స్పిన్నర్లవే, ఇక్కడ పేసర్ గొప్పతనం తేలదు.

వాస్తవం: 1983లో వెస్టిండీస్‌తో వచ్చిన మార్షల్ ఇక్కడి ఆరు టెస్టుల్లో 33 వికెట్లు తీశాడు. అదే సిరీస్‌లో అహ్మదాబాద్‌లో కపిల్‌దేవ్ ఒకే ఇన్నింగ్స్‌లో 83 పరుగులిచ్చి 9 వికెట్లు పడగొట్టాడు. 2010లో నాగ్‌పూర్‌లో డేల్ స్టెయిన్ 51 పరుగులకే ఏడుగురిని ఔట్ చేశాడు.

అపోహ: హైదరాబాద్ అంటే స్పిన్, సొగసైన బ్యాటింగ్. పేస్‌తో దానికి పనిలేదు.

వాస్తవం: వెస్టిండీస్ వేగాన్ని తట్టుకోవడం మనవాళ్లకు అలవాటు కావాలని 1962–63లో నలుగురు కరీబియన్ ఫాస్ట్ బౌలర్లను మన దేశవాళీ క్రికెట్‌కు రప్పించారు. వారిలో భీకరమైన వేగానికి పేరుపడ్డ రాయ్ గిల్‌క్రిస్ట్ హైదరాబాద్‌కు ఆడాడు. 1967లో హైదరాబాదీ మీడియం పేసర్ సయ్యద్ అబిద్ అలీ అడిలైడ్‌లో తన తొలి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు.

అపోహ: సిరాజ్ బుమ్రా చాటున నెట్టుకొస్తున్న బౌలర్.

వాస్తవం: సిరాజ్ టెస్టు సగటు 30కి అటూ ఇటూగా ఉంది. మార్షల్, మెక్‌గ్రాత్‌ల వరుసలో అతణ్ని కూర్చోబెట్టడం అభిమానమే అవుతుంది. కానీ చాటు బౌలర్ అనడం అన్యాయం. 2025 ఇంగ్లండ్ పర్యటనలో బుమ్రా ఆడని టెస్టులు రెండు, భారత్ గెలిచినవీ ఆ రెండే. బర్మింగ్‌హామ్‌లో సిరాజ్ 70 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఇక ఓవల్‌లో నాలుగో రోజు హ్యారీ బ్రూక్ 19 పరుగుల దగ్గర ఇచ్చిన క్యాచ్‌ను పట్టి కూడా బౌండరీ తాడు తొక్కేశాడు. బ్రూక్ సెంచరీ కొట్టాడు. మర్నాడు పొద్దున ఇంగ్లండ్‌కు కావాల్సింది 35 పరుగులు, చేతిలో నాలుగు వికెట్లు. వాటిలో మూడు సిరాజ్‌వే. గస్ అట్కిన్సన్ ఆఫ్ స్టంప్‌ను ఎగరగొట్టిన చివరి యార్కర్‌తో భారత్ 6 పరుగుల తేడాతో గెలిచింది. ఐదు టెస్టులూ ఆడి, సిరీస్‌లో వెయ్యికి పైగా బంతులు వేశాక సంధించిన యార్కర్ అది.