మోదుగచెట్టు, తుంపరకప్ప

ఫాల్గుణమాసమున మేడ్చల్ నుండి శామీర్‌పేట వైపు పోవువారికి రాతిగుట్టల నడుమ ఆకురాల్చి నిలువెల్ల పూచిన మోదుగచెట్లు అగుపించును. ఈ గరుకునేలలో వానిని నాటినవారు గాని, నీరు పోసినవారు గాని లేరు. కొన్ని జీవులు ఇంత తేలికగా బ్రతుకుచుండగా మరికొన్ని ఏల నశించుచున్నవి? దీనికి మోదుగను ఆఫ్రికాలోని ఒక చిన్నకప్పతో పోల్చి చూడవచ్చును. చెట్టుకు, కప్పకు పోలికేమిటని పిల్లలు నవ్వవచ్చును. నవ్విన పిమ్మటనే వినుట మంచిది.

మోదుగకాయ పలుచని రేకువంటిది. దాని కొనయందు ఒకే గింజ యుండును. ఎండిన కాయను గాలి ఎగురగొట్టుకొనిపోవును. చెట్టును నరికినను వేళ్ళనుండి పిలకలు లేచును. పుప్పొడిని మోయుటకు ఏదో యొక్క పిట్టయే కావలెనన్న నియమము లేదు. అందుచేతనే ఇది మన దేశమున పెక్కుచోట్ల పెరుగుచున్నది.

మన గోదురుకప్పయు ఇట్టిదే. వానకు నిండిన ఏ గుంటలోనైనను వేలకొలది గ్రుడ్లు పెట్టును. అందుండి తోకకప్పలు వచ్చును.

దాని దూరపుచుట్టమైన కిహాన్సీ తుంపరకప్ప సంగతి వేరు. టాంజానియాలో కిహాన్సీ నది జలపాతముగా దూకు లోయయే దాని లోకము. జలపాతపు తుంపరతో నిత్యము తడియు ఆ నేల సుమారు రెండు హెక్టారులు మాత్రమే, అనగా ఐదెకరములు. మూడు సెంటీమీటర్లు మించని ఈ కప్ప గ్రుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలనే కనును. శాస్త్రజ్ఞులు దీనిని మొదట చూచినది 1996లో.

2000లో విద్యుచ్ఛక్తి కొరకు నదికి అడ్డముగా ఆనకట్ట కట్టి, నీటిలో సుమారు నూటికి తొంబది పాళ్ళు మళ్ళించిరి. తుంపర సన్నగిల్లెను. గొట్టములతో కృత్రిమముగా నీరు చల్లగా కప్పలు కోలుకొని, 2003 నడుమ సుమారు 20,000 వరకు పెరిగెను. అంతలో పెద్ద దెబ్బ తగిలెను. చచ్చినవానిలో కైట్రిడ్ అను చర్మశిలీంధ్రము కనబడెను. 2004 జనవరి నాటికి కండ్లబడినవి మూడే. 2009లో ఈ జాతి ప్రకృతిలో అంతరించినదని ప్రకటించిరి.

అదృష్టవశమున 2000లోనే 499 కప్పలను పట్టి అమెరికాలోని జంతుప్రదర్శనశాలలకు పంపియుండిరి. అక్కడ పెరిగిన సంతతిలో కొన్నిటిని విమానములో టాంజానియాకు తెచ్చి, 2012లో మరల ఆ లోయలోనే, ఆ తుంపరగొట్టముల క్రిందనే విడిచిరి.