చీటీ లేని స్పీకర్ ఎన్ని వాట్లు మోస్తుంది?

రెండేళ్లకోసారి మాఘమాసంలో సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర. కార్తీకంలో పాలమూరు వైపు కురుమూర్తి జాతర. మధ్యలో బతుకమ్మ, వినాయక నిమజ్జనం, పెళ్లి బరాత్‌లు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో బేస్ స్పీకర్‌కు తీరికే ఉండదు. ఏళ్ల తరబడి ట్రాలీల మీద ఊరూరూ తిరిగి, చివరికి రిపేరు దుకాణానికి చేరిన 15 అంగుళాల స్పీకర్ మీద కంపెనీ చీటీ చాలాసార్లు మిగలదు. ఎండకూ దుమ్ముకూ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. కొనేవాళ్లు ముందుగా అడిగేది మాత్రం ఒకటే: ఇది ఎన్ని వాట్లది?

జవాబు కావాలంటే ఈ యంత్రం ఎలా పుట్టి పెరిగిందో తెలియాలి. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదిలే అమరికకు జర్మనీ ఇంజినీరు వెర్నర్ సీమెన్స్ 1874లోనే పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని నడపగల యాంప్లిఫయర్ అప్పటికింకా పుట్టలేదు. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిడమ్ అలాంటి కాయిల్‌కు పెద్ద బూర తగిలించి జనసమూహానికి మాట వినిపించారు. బూర అక్కర్లేకుండా కాగితం కోన్‌నే నేరుగా కదిలించే స్పీకర్‌ను 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ప్రకటించారు. మరుసటి ఏడు ఆ నమూనాతో ఆర్‌సీఏ కంపెనీ అమ్మకానికి పెట్టిన రేడియోలా 104లోని యాంప్లిఫయర్ శక్తి దాదాపు 1 వాట్. ఇంట్లో హాలుకు అది చాలింది. ఇవాళ బరాత్ బండి మీది బాక్సుల మూల సూత్రం కూడా అదే. మారినవి తీగ, జిగురు, తీగ చుట్టిన గొట్టం, అయస్కాంతం. వాట్ల లెక్క పెరిగింది ముఖ్యంగా వాటి వల్లనే.

స్పీకర్‌లోకి వెళ్లిన కరెంటంతా ధ్వనిగా మారుతుందని చాలామంది అనుకుంటారు. 1 వాట్‌కు ఒక మీటరు దూరంలో 92 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్‌లో ధ్వనిగా మారేది నూటికి ఒక్క వంతే. మంచి 15 అంగుళాల స్పీకర్‌లో అది రెండు మూడు వంతులు కావచ్చు. మిగిలిందంతా వాయిస్ కాయిల్‌లో వేడి అవుతుంది. ఇస్త్రీ పెట్టెలో తీగ చేసే పనినే స్పీకర్‌లో కాయిల్ కూడా చేస్తోంది, ధ్వని దాని వెంట కొద్దిగా వస్తోంది. కాబట్టి 'ఇన్ని వాట్ల స్పీకర్' అంటే ఇంత గట్టిగా మోగుతుందని అర్థం కాదు. కాయిల్ ఇంత వేడిని కాలిపోకుండా మోస్తుందని అర్థం.

ఈ సంగతి తెలిస్తే పాత స్పీకర్‌లో దేన్ని చూడాలో తెలుస్తుంది. కోన్ వెడల్పు వాట్లను చెప్పదు. వెనకున్న అయస్కాంతం బరువూ నేరుగా చెప్పదు. చెప్పేది కాయిల్ వ్యాసం. కాయిల్ పెద్దదైతే వేడిని వదిలే ఉపరితలం ఎక్కువ. ఫ్రేమ్ సందుల్లోంచి టార్చిలైటు వేసి, స్పైడర్ (కాయిల్‌ను నడుమ నిలిపే ముడతల గుడ్డ) కాయిల్ గొట్టానికి అతికే చోట వెడల్పు అంచనా వేయాలి. మధ్యలో ఉన్న డస్ట్ క్యాప్‌ను కొలిచి మోసపోకూడదు, అది కాయిల్ కంటే చాలా పెద్దదిగా ఉండవచ్చు. రెండంగుళాల కాయిల్‌ను మామూలు కాగితపు గొట్టం మీద చుట్టి ఉంటే 50 నుంచి 75 వాట్ల దగ్గర ఆగడం మేలు. వేడిని తట్టుకునే తేనెరంగు ప్లాస్టిక్ పొర కాప్టన్‌తో చేసిన గొట్టమో, అల్యూమినియం గొట్టమో అయితే 100 నుంచి 150 వరకు వెళ్లవచ్చు. మూడంగుళాలైతే 200 నుంచి 400, నాలుగంగుళాలైతే ఆపైన. ఇవి చేతి లెక్కలు, కంపెనీ హామీలు కావు.

గొట్టం, జిగురు ఎంత తేడా తెస్తాయో చూపడానికి గిటార్ స్పీకర్లలో మంచి ఉదాహరణ ఉంది. బ్రిటిష్ కంపెనీ సెలెస్టియన్ చేసిన జి12ఎం, వింటేజ్ 30 రెండూ 12 అంగుళాలవే. రెండింటి కాయిల్ 1.75 అంగుళాలే. 1960ల నాటి మొదటిది మోసేది 25 వాట్లు, 1980ల నాటి రెండోది 60. పేరులో 30 ఉన్నా వాట్లు ముప్పై కావు. స్పీకర్ వెనక కనిపించిన ప్రతి అంకెనూ వాట్లుగా చదవకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత మల్టీమీటర్. 8 ఓమ్‌ల స్పీకర్ మీటరులో సుమారు 6 చూపిస్తుంది, 4 ఓమ్‌లది 3 పైచిలుకు. ఆ తర్వాత రెండు చేతుల వేళ్లతో కోన్‌ను నెమ్మదిగా, సమంగా లోపలికి నొక్కాలి. గరగరమంటే కాయిల్ రాసుకుంటోంది. కాలిన వాసన వస్తే ఇక వాట్ల లెక్క అనవసరం, కాయిల్ మార్చాల్సిందే.

మన ఎండలు ఇందులో చిన్న విషయం కాదు. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు కొత్త కాదు. ఒక పాత కాయిల్ 125 డిగ్రీల దగ్గర జిగురు సడలేదనుకుందాం. 25 డిగ్రీల గదిలో దానికి 100 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది, 45 డిగ్రీల నీడలో 80 మాత్రమే. అంటే మోయగల శక్తిలో అయిదో వంతు ఎండకే పోయింది. వేడెక్కిన రాగి నిరోధం కూడా డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 6 ఓమ్‌లున్న కాయిల్ 200 డిగ్రీలకు చేరితే 10 ఓమ్‌లవుతుంది. యాంప్లిఫయర్ అదే వోల్టేజీ ఇస్తున్నా కాయిల్ తీసుకునే శక్తి 60 శాతానికి పడిపోతుంది. రాత్రి గడిచేకొద్దీ బేస్ తగ్గినట్టు అనిపించి వాల్యూమ్ పెంచితే కాయిల్ మరింత కాలుతుంది.

వేడితో పాటు ఇంకో హద్దు ఉంది. అదే ధ్వనిని సగం ఫ్రీక్వెన్సీలో ఇవ్వాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. కాయిల్ చల్లగా ఉండగానే గొట్టం వెనక పలకకు కొట్టుకుని నలిగిపోయేది ఇలాంటప్పుడే. పాత స్పీకర్‌కు 40 హెర్ట్జ్ కింది శబ్దాలను కత్తిరించి ఇవ్వడం దాని ఆయుష్షు పెంచడమే.

కొత్త చీటీల మీద కూడా ఒకే స్పీకర్‌కు మూడు అంకెలు కనిపిస్తాయి. రెండు గంటలు ఆగకుండా నాయిస్ సిగ్నల్ ఇచ్చి పరీక్షించి నిర్ణయించేది అసలు సామర్థ్యం. దానికి రెట్టింపు ప్రోగ్రామ్, నాలుగు రెట్లు పీక్. పీఎంపీఓ అని వేలల్లో వేసేదానికి ఏ ప్రమాణమూ లేదు. నమ్మాల్సింది వాటిలో చిన్న అంకెనే. పెద్ద అంకె పోగొట్టుకున్నా నష్టం తక్కువ, రెట్టింపు శక్తితో పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. వినేవాళ్లకు రెండింతలు మోగినట్టు అనిపించాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి.

కొత్త కాయిల్ వేసిన స్పీకర్‌కు పాత చీటీ ఉన్నా అది చెల్లదు. వాట్లు మోసేది కాయిల్ కాబట్టి, కంపెనీ రాసిన అంకె పాత కాయిల్‌తోనే పోయింది. కొత్తగా వేసిన తీగ, గొట్టం, జిగురు ఎంత మోస్తాయో ఆ పని చేసిన మెకానిక్‌కే తెలుసు. అందుకే కాయిల్ మార్చిన ప్రతిసారీ అయస్కాంతం మీద పెయింటుతో నాలుగు సంగతులు రాయాలి: ఓమ్‌లు, కాయిల్ వ్యాసం, గొట్టం రకం, నెల-సంవత్సరం. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే తర్వాత కొనేవాళ్లకు మోసం ఉండదు, జాతర మధ్యలో స్పీకర్ కాలదు, మెకానిక్ పనితనానికి అతని రాతే హామీగా నిలుస్తుంది.