కుంకుమా, సింధూరమా?

"అమ్మాయ్, నేను కుంకుమ రంగు అడిగాను. నువ్వు ఆంజనేయస్వామి రంగు వేశావు."

20 ఏళ్ల కిందటి మాట. శుభలేఖల డిజైన్లు వేయడం నేను అప్పుడప్పుడే మొదలుపెట్టాను. కూతురి పెళ్లికి 500 కార్డులు వేయించుకోవడానికి గుడివాడ దగ్గర పల్లె నుంచి విజయవాడ వచ్చిన మాస్టారాయన. కోప్పడలేదు. జేబులోంచి చిన్న భరిణె తీసి, ఉంగరం వేలితో చిటికెడు కుంకుమ అద్ది, నేను అచ్చు వేయించిన బొట్టు పక్కనే పెట్టారు. అంతవరకూ నా కంటికి నిండుగా కనబడిన ఎరుపు ఒక్కసారిగా కమలాపండు వైపు జరిగిపోయింది.

"నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ పెట్టే కదమ్మా పదిమందికీ పంచేది! అసలు కుంకుమ పక్కకి రాగానే నీ రంగు తేలిపోదూ?" అన్నారు.

ఆ 500 కార్డులూ మళ్లీ వేయించి ఇచ్చాను. ఆయన పెట్టిన బొట్టున్న కార్డు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు మొదట చూపించేది దాన్నే.

కుంకుమ, ఆంజనేయస్వామి సింధూరం రెండూ ఎరుపులే. విడివిడిగా చూస్తే రెండింటినీ ఎరుపనే అంటాం. అందుకే నేను ఏ రంగునీ పేరు పెట్టి అడగను, అది ఎటు వాలుతోందని చూస్తాను. కుంకుమ ఎరుపు కొంచెం నీలం వైపు, అంటే దానిమ్మ గింజ వైపు వాలుతుంది. సింధూరం పసుపు వైపు, కమలా తొక్క వైపు వాలుతుంది. అనుమానం వస్తే దానిమ్మ గింజలు నాలుగు ఒకపక్క, కమలా తొక్క ఒకపక్క పెట్టి, మధ్యలో మీ రంగు ముక్క ఉంచండి. ఎవరి చుట్టమో తేలిపోతుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది. తెల్లకాగితానికి రూపాయి బిళ్లంత చిల్లులు రెండు పెట్టి, వాటిలోంచి రెండు రంగుల్నీ చూడండి. చుట్టూ ఉన్న రంగుల గొడవ తప్పిపోయి తేడా తేటగా కనబడుతుంది.

పుట్టుకలోనే ఈ రెండూ వేరు. కుంకుమకు తల్లి పసుపు. పసుపు కొమ్ముల్ని నిమ్మరసం, వెలిగారం, పటికతో నానబెట్టి, ఎండబెట్టి దంచడం మన ఇళ్లలో పాత పద్ధతి. పసుపు ఎర్రబడటం వింతేమీ కాదు. పసుపు మరక పడ్డ చీరకి సబ్బు రాయగానే మరక ఎర్రగా మారడం చూడని ఇల్లాలు ఉండదు. సున్నం కలిపితే అదే పసుపు పారాణి అవుతుంది. సింధూరం సంగతి వేరు. పాత పద్ధతిలో అది సీసం నుంచి వచ్చేది. సీసాన్ని గాలి తగిలేలా చాలాసేపు కాలిస్తే మిగిలే నారింజ ఎరుపు పొడి అది. విషం కూడా, నోట్లోకి పోకూడదు. యూరప్‌లో రాతప్రతుల్లో పెద్దక్షరాలు దిద్దడానికి ఈ పొడినే వాడేవారు. లాటిన్‌లో దాన్ని మినియం అనేవారు. మినియేచర్ అనే మాట పుట్టింది అక్కడే, చిన్నదనే అర్థం నుంచి కాదు. నాకు ఎంతో ఇష్టమైన ముచ్చట ఇది.

ఇక ప్రెస్సు పని. ఆఫ్‌సెట్‌లో ఈ ఎరుపులు రెండూ ప్రధానంగా మెజెంటా, ఎల్లో కలిసి పుట్టేవే. కుంకుమ కావాలంటే నేను మెజెంటా 100 శాతం, ఎల్లో 80 దగ్గర మొదలుపెట్టి, బ్లాక్ 15 దాకా కలుపుతాను. సింధూరానికి మెజెంటా 75కి తగ్గించి, ఎల్లో 100 చేస్తాను, బ్లాక్ జోలికి పోను. ఇవి మొదలుపెట్టే అంకెలే. చివరి మాట కాగితానిది. ఈ ఇంకులు పారదర్శకం, కింది కాగితం రంగు వాటిలోంచి పైకి కనబడుతుంది. తెల్ల ఆర్ట్ పేపరు మీద కుంకుమలా ఉన్నది ఐవరీ కాగితం మీద పడితే, ఆ కాగితంలోని పసుపు కూడా కలిసి సింధూరం వైపు జరుగుతుంది. మాస్టారి కార్డులో నేను చేసిన తప్పుల్లో ఇది ఒకటి.

రెండో తప్పు వెలుతురుది. ప్రూఫ్‌ని నేను రాత్రి ఎనిమిదింటికి పసుపు బల్బు కింద చూసి సరే అన్నాను. ఆ వెలుగులో నీలం పాలు తక్కువ. కుంకుమకీ సింధూరానికీ తేడా చూపించే ఆ కాస్త నీలి ఛాయ అక్కడ కంటికి అందదు, రెండూ ఒకటే అనిపిస్తాయి. బట్టల షాపులో మన ఆడవాళ్లు చీరని గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూస్తారే, వాళ్లది చాదస్తం కాదు. అచ్చు పనిలో ప్రూఫులు చూడటానికి 5000 కెల్విన్ వెలుగు ప్రమాణంగా పెట్టుకున్నదీ ఇందుకే. మా ప్రెస్సులో అలాంటి దీపం లేని రోజుల్లో ఉదయం పదింటికి ఉత్తరం వైపు కిటికీ దగ్గర చూసేదాన్ని. ఇప్పటికీ దాని మీదే నాకు నమ్మకం.

చూసే వేళ కూడా ముఖ్యమే. పెరట్లో ఎర్ర మందారం, పక్కనే కనకాంబరం ఉంటే ఒక సాయంత్రం అక్కడ కూర్చుని చూడండి. దీపాలు వేయకండి. చీకటి పడుతున్నకొద్దీ మందారం ముందు నల్లబడి ఆకుల్లో కలిసిపోతుంది. కనకాంబరం ఇంకాసేపు పలుకుతూనే ఉంటుంది. మసక వెలుతురులో మన కన్ను ఎరుపుని మొదట పోగొట్టుకుంటుంది. 19వ శతాబ్దంలో పుర్కింజే అనే చెక్ శాస్త్రవేత్త ఈ సంగతి గమనించాడు, ఆయన పేరుతోనే చెబుతారు. మన పెళ్లిళ్లు చాలావరకు రాత్రి ముహూర్తాలు. సందు మొదట్లో దీపం లేని చోట కట్టే బ్యానర్ మీద అక్షరాలు కుంకుమ రంగులో ఉంటే మునిమాపువేళకి నల్లగా అయిపోతాయి. బాణం గుర్తుకీ ఊరి పేరుకీ అక్కడ సింధూరమే మేలు.

ఫోనులో పంపే శుభలేఖకి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. తెల్లని తెర మీద సన్నని అక్షరం చదవాలంటే వెనక రంగుకీ అక్షరానికీ వెలుగులో తేడా కనీసం 4.5 రెట్లు ఉండాలన్నది వెబ్ డిజైన్‌లో పాటించే కొలత. నేను వాడే కుంకుమ ఎరుపు 7 రెట్లు దాటుతుంది. మంచి సింధూరం మూడున్నర దగ్గరే ఆగిపోతుంది. తాతగారి వయసువాళ్లు కళ్లద్దాలు లేకుండా ముహూర్తం చదవాలంటే కుంకుమే.

మరి ఈ ఎరుపుల పక్కన ఏ రంగు ఉంటుంది? 1824లో పారిస్‌లో గోబెలిన్ నేత కార్ఖానాకి రంగుల విభాగం అధిపతిగా వెళ్లిన షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్తకి, నల్లదారం పేలవంగా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే రంగులో లోపం లేదు. పక్కన నేసిన దారాల వల్ల నలుపు వెలవెలబోతోంది. 1839లో దీని మీద ఆయన పెద్ద పుస్తకమే రాశాడు. నా పనిలో ఈ తగవు రోజూ వచ్చేది గోల్డ్ ఫాయిల్‌తో. కుంకుమ మీద ఫాయిల్ అక్షరం దీపంలా లేస్తుంది. సింధూరం మీద వేస్తే రెండూ పసుపు వైపువే, రెండూ వెలుగువే. వధూవరుల పేర్లు వెతుక్కోవాలి. ఫాయిల్ కావాలన్నవాళ్లకి నేను సింధూరం చూపించను. పట్టుబడితే కాదంటాను. డబ్బిచ్చి వేయించుకున్న పేరు చదవలేకపోవడం నాకు సహించదు.

మొన్న ఒక ఆంజనేయస్వామి గుడివాళ్లు ఆకుపూజ పిలుపుకి కార్డు అడిగారు. తమలపాకు రంగు కాగితం వాళ్లే తెచ్చారు, అక్షరాలు సింధూరంలో కావాలన్నారు. అక్కడ సింధూరం తప్ప ఇంకోటి వేస్తే తప్పే. కానీ ఆ పచ్చకీ ఈ ఎరుపుకీ వెలుగు ఇంచుమించు సమానం. ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూశాను, అక్షరాలు కనబడకుండా పోయాయి. రంగులో చూస్తే అంచుల దగ్గర కన్ను అదురుతోంది. పైగా ఇంకు పారదర్శకమాయె, పచ్చ కాగితం మీద ఆ ఎరుపు నిలవదు. అందుకని స్క్రీన్ ప్రింటింగ్‌కి మారాను. ముందు తెల్ల ఇంకు వేయించి, దాని మీద సింధూరం, చుట్టూ వెంట్రుకంత తెల్ల అంచు వదిలించాను. ఆరాక ఒక కార్డు పట్టుకెళ్లి పూజారిగారు గర్భగుడి గడపకి ఆనించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూశారు. లోపల స్వామి ఒంటి మీద నూనెతో మెరుస్తున్న సింధూరం, గడప దగ్గర నా కార్డు. "కొంచెం ఎరుపు తగ్గించమ్మా" అన్నారు. మెజెంటా 70కి దింపాను.