బ్రేకుకు పుట్టుకతో వచ్చిన కీచు

ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే రాజపాళయం పక్కనే చోళపురం. వాన పడిన మర్నాడు ఇక్కడ కారు తీస్తే మొదటి రెండు మూడు బ్రేకులకు కీచుమంటుంది, తర్వాత సద్దుమణుగుతుంది. రాత్రి డిస్కుకు పట్టిన పలుచని తుప్పును ప్యాడ్లు గీకేస్తాయి, అంతే. రోజంతా కీచుమంటేనే పట్టించుకోవాలి.

డిస్కు బ్రేకుకు ఆ చప్పుడు పుట్టుకతో వచ్చిందే. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ దానికి పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో తిరిగే లోహపు పళ్లేన్ని రాగి ప్యాడ్లు రెండు పక్కలా నొక్కేవి. ఆ రొద భరించలేకపోయారు. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ ప్యాడ్లకు ఆస్‌బెస్టాస్ తొడిగాక చెవులకు ఊరట దొరికింది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటని తేలాక చాలా దేశాలు దాన్ని మానేశాయి. నన్నడిగితే ఈ కథలో పెద్దపీట బెర్తా బెంజ్‌ది. 1888లో భర్త చేసిన కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వెళ్తూ, చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో వాటికి తోలు కొట్టించింది. బ్రేకు లైనింగు అలా పుట్టింది.

ఇంతకీ కీచు ఎందుకు? ప్యాడు డిస్కును పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసేదీ ఇదే. సెకనుకు వేలసార్లు అదిరి డిస్కు గంటలా మోగుతుంది. ఆ అదురును మింగడానికే ప్యాడు వెనక పలుచని షిమ్ము రేకు వేస్తారు, వేడికి కరగని గ్రీజు కాస్త రాస్తారు, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ పిన్నులు శుభ్రం చేస్తారు. గ్రీజు వెనకవైపే సుమా. రాపిడి ముఖానికి నూనె తగిలితే బ్రేకు పట్టదు. చప్పుడు పోవాలని అక్కడ నూనె చుక్క వేసేవాళ్లను చూస్తే నాకు గుండె జారిపోతుంది.

ప్యాడు విప్పించినప్పుడు అంచు చూడండి. చాలావాటికి చిన్న ఇనుప నాలుక ఉంటుంది. సుమారు 10 మిల్లీమీటర్ల మందం అరిగి అరిగి 2, 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ నాలుక డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఇన్నేళ్లు పోగొట్టాలని తంటాలు పడ్డ చప్పుడునే ఇంజినీర్లు కావాలని మళ్లీ పెట్టారు! అది విననట్టు ఊరుకుంటే కీచు గరగరగా మారుతుంది. అప్పటికి ఇనుమే ఇనుమును కోస్తోంది, డిస్కు కూడా పోతుంది.

చోళపురం నుంచి కొల్లం వెళ్లాలంటే సెంగోట్టై దాటి కనుమ దిగాలి. దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి, పెడల్ మీదే కాలు ఉంచకండి. కీచు వినబడుతుంటే మాత్రం ప్యాడ్లు చూపించుకున్నాకే బయల్దేరండి.