డిస్క్ డ్రైవ్ లేదా? పెన్‌డ్రైవ్ చాలు!

అన్నయ్య వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్ కావచ్చు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది కావచ్చు. చివరి సంవత్సరం ప్రాజెక్టు నుంచి కంపెనీల ఆన్‌లైన్ టెస్టుల దాకా అన్నీ దాని మీదే. అది ఓ రోజు ఆన్ కాకుండా మొండికేస్తే? ‘ఓఎస్ మళ్లీ వేయాలి. సీడీ పెడదామంటే డ్రైవే లేదు’ అంటూ చాలామంది నేరుగా షాపుకెళ్లిపోతారు. నిజానికి ఓ పెన్‌డ్రైవ్, ఇంటర్నెట్, కాస్త ఓపిక ఉంటే ఈ పని మీరే చేసేయొచ్చు. డెస్క్‌టాప్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్ లాంటి ఉద్యోగాలకు ప్రయత్నించేవారికైతే ఇది తప్పకుండా రావాల్సిన పని.

ఏ ఓఎస్ ఎంచుకోవాలి?

విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీతో పాటు టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ సదుపాయం, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ ఉండాలి. ఇవి లేవని ల్యాప్‌టాప్‌ను పక్కన పడేయక్కర్లేదు. ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్‌కు 2029 వరకు అప్‌డేట్లు ఉచితం. ర్యామ్ తక్కువైతే లుబుంటు, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటివి చూడండి. ఒక్క సంగతి: టెస్టుల్లో వాడే ప్రొక్టరింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని లినక్స్‌లో పనిచేయవు. రాయాల్సిన టెస్టులేమైనా ఉంటే ముందు అది కనుక్కోండి.

మొదటి పని బ్యాకప్

ఇన్‌స్టాలేషన్‌లో ఒక్క తప్పు క్లిక్‌తో డిస్క్ మొత్తం ఖాళీ అయిపోవచ్చు. సర్టిఫికెట్ల స్కాన్‌లు, రెజ్యూమె, ప్రాజెక్టు కోడ్, ఫొటోలు అన్నీ క్లౌడ్‌లోనో, వేరే హార్డ్‌డిస్క్‌లోనో దాచుకోండి. ‘డి డ్రైవ్‌లో పెట్టాను కదా’ అనుకోవద్దు. చాలా ల్యాప్‌టాప్‌లలో సి, డి రెండూ ఒకే డిస్క్‌లోని భాగాలు. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని కూడా రాసిపెట్టుకోండి. రేపు పొద్దున టెస్టు పెట్టుకుని ఇవాళ రాత్రి ఈ పని మొదలెట్టొద్దు.

పెన్‌డ్రైవ్ తయారీ

సాధారణ డీవీడీలో పట్టేది 4.7 జీబీ. విండోస్ 11, ఉబుంటు 24.04 ఐఎస్‌ఓ ఫైళ్లు రెండూ 5 జీబీ దాటేశాయి. అంటే డ్రైవ్ ఉన్నా మామూలు డీవీడీ సరిపోదు. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందే ఖాళీ చేయండి. మీ ల్యాప్‌టాప్ అసలు ఆన్ కాకపోతే స్నేహితుడి సిస్టమ్‌లోనో, అనుమతి తీసుకుని కాలేజీ ల్యాబ్‌లోనో దీన్ని తయారుచేసుకోవచ్చు.

ఐఎస్‌ఓను అధికారిక సైట్ నుంచే దించుకోండి. యాక్టివేటర్‌తో కలిపి ఇచ్చే క్రాక్ వెర్షన్ల జోలికి వెళ్లొద్దు. వాటితో పాటు మాల్‌వేర్ కూడా రావచ్చు. ఉబుంటు సైట్‌లో ఇచ్చే షా256 విలువతో మీ ఫైల్ విలువను సరిచూస్తే డౌన్‌లోడ్ పాడైందో లేదో తెలిసిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్ ఆ విలువను చూపిస్తుంది.

ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ పేస్ట్ చేస్తే బూట్ కాదు. రూఫస్ లాంటి టూల్ దాన్ని బూటబుల్‌గా మారుస్తుంది. విండోస్ 11కైతే మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ కూడా ఉంది. రూఫస్‌లో ‘పార్టిషన్ స్కీమ్’ దగ్గర యూఈఎఫ్‌ఐ ఉన్న సిస్టమ్‌కు జీపీటీ, బాగా పాత బయోస్‌కు ఎంబీఆర్ ఎంచుకోండి.

బూట్ చేయడం ఇలా

ల్యాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీని నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. కొన్ని ఏసర్ మోడళ్లలో ఎఫ్12 మెనూను ముందు బయోస్‌లో ఆన్ చేయాలి. విండోస్ తెరుచుకుంటుంటే ఇంకో దారి: షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, వచ్చే నీలి తెరలో ‘యూజ్ ఎ డివైస్’ ఎంచుకోవచ్చు.

ఉబుంటులో వెంటనే ఇన్‌స్టాల్ కొట్టకుండా ముందు ‘ట్రై’ ఆప్షన్‌తో నడిపి చూడండి. వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో డిస్క్‌ను ముట్టుకోకుండానే తెలుస్తుంది. తర్వాత అసలు దశ. ‘ఎరేజ్ డిస్క్’ అంటే మొత్తం తుడిచేయడమే. పాత విండోస్ కూడా కావాలంటే ‘ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్’ ఎంచుకోండి. డిస్క్ పేరుతో పాటు సైజు కూడా చూశాకే ముందుకెళ్లండి.

విండోస్ 11 వేసేటప్పుడు రెండు చిక్కులు రావచ్చు. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ కనిపించదు. తయారీ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ తెచ్చి, ‘లోడ్ డ్రైవర్’ ద్వారా ఇవ్వాలి. వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి చూడండి. లైసెన్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పాత ఎడిషనే వేస్తే నెట్‌కు కలిశాక సాధారణంగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

‘పవర్ బటన్ నొక్కాక ఏం జరుగుతుంది?’ సపోర్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు సిద్ధం చేసుకోవాల్సిన ప్రశ్న ఇది. యూఈఎఫ్‌ఐ హార్డ్‌వేర్‌ను పరీక్షిస్తుంది, బూట్ ఆర్డర్ ప్రకారం డిస్క్‌ను వెతుకుతుంది, గ్రబ్ లేదా విండోస్ బూట్ మేనేజర్‌ను పిలుస్తుంది, అది కెర్నల్‌ను మెమొరీలోకి తెస్తుంది, ఆ తర్వాత డ్రైవర్లు, సర్వీసులు, చివరికి లాగిన్ తెర. పైన చేసిన ప్రతి పనీ ఈ వరుసలో ఏదో ఓ మెట్టుకు చెందినదే. అందుకే ఒక్కసారి చేసి చూసినవారు దీన్ని బట్టీ పట్టక్కర్లేదు. ఎంబీఆర్‌కు జీపీటీకి తేడా ఏంటి, సెక్యూర్ బూట్ ఎందుకు అన్న ప్రశ్నలకూ మీ అనుభవంలోంచే జవాబు చెప్పొచ్చు.

ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌తో ప్రయోగం భయమనిపిస్తే ముందు వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు వేసి చూడండి. అందులో తప్పు జరిగితే ఆ వర్చువల్ మెషిన్‌ను తీసేసి మళ్లీ మొదలెట్టొచ్చు. రెండుమూడు సార్లు చేశాక, ఏ దశలో ఏ ఎర్రర్ వచ్చింది, ఎలా సరిచేశారు అన్నది ఒక పేజీలో రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. రెజ్యూమెలో ‘లినక్స్ తెలుసు’ అన్న ఒక్క లైన్ పక్కన ఆ లింక్ ఇస్తే, ఇంటర్వ్యూ చేసేవారికి అడగడానికో విషయం, మీకు ధైర్యంగా చెప్పడానికో పని దొరుకుతాయి.