ఎదుగుదల గీత చెప్పే సంగతి

ఏటా మిర్చి సీజన్‌లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా పల్లెల నుంచి కూలీలు మూటాముల్లె సర్దుకుని తెలంగాణ చేలకు వస్తారు. పిల్లల్ని కొందరు వెంట తెచ్చుకుంటారు, కొందరు అవ్వాతాతల దగ్గర వదిలి వస్తారు. చేను గట్టున చీర ఉయ్యాల్లో నిద్రపోతున్న పసిబిడ్డను చూసి ‘ఎంత నిర్లక్ష్యం’ అనేయడం తేలిక. కానీ తల్లి సాలు సాలుకీ వచ్చి పాలిచ్చి పోతుంటే అది నిర్లక్ష్యం కాదు, లేమి. బిడ్డకు కావలసినది ఇచ్చే వీలుండీ పదే పదే ఇవ్వకపోవడమే నిర్లక్ష్యం. తిండి, వైద్యం, చదువు, కాపలాతో పాటు పలకరింపు కూడా ఆ ‘కావలసిన’ వాటిలో ఒకటి.

బిడ్డ ‘ఊ’ అంటే అమ్మ ‘ఊ’ కొడుతుంది. మెదడులో నాడీకణాల మధ్య లంకెలు గట్టిపడేది ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలతోనే. వాడకంలేని లంకెలు క్రమంగా తొలగిపోతాయి. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనం ఈ విషయాన్ని బాగా చూపించింది. అక్కడి శిశు సంరక్షణాలయాల్లో తిండీ, గూడూ ఉన్నాయి. ఎత్తుకుని ఆడించే చేతులే తక్కువ. అక్కడి 136 మంది పిల్లల్లో సగం మందిని, చీటీ తీసినట్టు ఎంచి, పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల తెలివితేటలు మెరుగుపడ్డాయి. రెండేళ్లు నిండకముందే వెళ్లినవారు ఎక్కువగా కోలుకున్నారు.

మరి నిర్లక్ష్యాన్ని గుర్తుపట్టడం ఎలా? ఒక్కరోజు చూపుతో తేలదు. అంగన్‌వాడీలో నెలనెలా తూచి గీసే ఎదుగుదల గీత పైకి పోకుండా అడ్డంగా సాగితే ఆరా తీయాలి. టీకాలు తప్పడం, ముదిరినా చూపించని పుండ్లు, చెల్లిని చంకనేసుకుని బడి మానేసే ఎనిమిదేళ్ల అక్క, బడిలో అన్నం దాచుకునే పిల్లవాడు, ఎవరు పిలిచినా తలెత్తని పసివాడు: వీటిలో కొన్ని కలిసి, పదే పదే కనిపిస్తే అనుమానించాలి. అయితే ముందు డాక్టరుకు చూపించాలి. చంద్రపూర్ ఉన్న విదర్భ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బు కూడా బిడ్డ ఎదుగుదలను కుంగదీస్తుంది. వినికిడి లోపమున్న బిడ్డా పిలిస్తే పలకదు.

తర్వాత తల్లితో మాట్లాడాలి. ‘ఎందుకిలా చేశావు’ అంటే నోరు మూసుకుంటుంది, ‘నీకు తోడెవరున్నారమ్మా’ అంటే చెప్పుకుంటుంది. కాన్పు తర్వాతి కుంగుబాటో, ఇంట్లో తాగుడో అప్పుడే బయటపడుతుంది. బిడ్డకు ప్రమాదం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. సంరక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం కావాలని చేసే నిర్లక్ష్యానికి మూడేళ్ల దాకా జైలు విధిస్తుంది. తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల బిడ్డను వదులుకున్న కన్నవారిది కావాలని చేసిన పని కాదనే అదే చట్టం భావిస్తుంది. మహారాష్ట్రలోని బాల సంగోపన్ పథకం కూడా, ఆదరువు లేని బిడ్డ ఆశ్రమంలో కాక కుటుంబంలోనే పెరిగేలా నెలనెలా డబ్బిస్తుంది.

అయితే వలస పోయిన నెలల్లో బిడ్డ ఎదుగుదల గీత తెగిపోతుంది. అంగన్‌వాడీలు వాడే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరున్న బిడ్డ వివరాలను వలస వచ్చిన ఊరి అంగన్‌వాడీకి మార్చుకునే వీలుంది. మిరప చేనుకు దగ్గర్లోని మన అంగన్‌వాడీ టీచర్ చంద్రపూర్ బిడ్డను కూడా తూకానికి ఎక్కిస్తే, ఆ గీత తెగకుండా సాగుతుంది.