పక్షులకు చెట్టు విడిచిన రైతుకు ప్రతిఫలమేమి?

తిరువూరు పరిసరములలో మామిడితోట అంచునగాని, పొలము గట్టునగాని ముదురు చెట్టును కొట్టక విడువుడని చెప్పినచో రైతు వెంటనే అడుగును: "దానివలన నాకేమి వచ్చును?" ఇది తప్పుప్రశ్న కాదు. నీడ పడినమేర పైరు తగ్గును. కొంగలు గూళ్లు కట్టిన చింతచెట్టున కాయ దులుపుటకు వీలుండదు. నష్టము ఒకరిది, మేలు ఊరందరిది.

కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు రైతులకు ఈ చిక్కే వచ్చినది. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరినడుమ రైతుల సొంత చింతచెట్లమీదనే పిల్లలను పెంచును. అడవిశాఖవారు గూళ్లున్న చెట్టు యజమానికి చింతపండు నష్టము క్రింద చెట్టునకింత అని సొమ్ము చెల్లించు పద్ధతి పెట్టిరి. క్రిందపడిన రెట్ట రైతుకు ఎరువగును. చెట్టు కొట్టినచో ఆ రాబడి పోవును గనుక చెట్టు నిలిచినది.

మన రాష్ట్రమున సూళ్లూరుపేట సమీపమందలి నేలపట్టులో సొమ్ముకంటె నీరే ప్రతిఫలము. చెరువులోని చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. రెట్ట కలిసిన ఆ నీరు పొలములకు పారి ఎరువు ఖర్చు తగ్గించును. 1976లో అది పక్షి సంరక్షణ కేంద్రమైనది.

ఇక చట్టము సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2002లో సవరించి 36-సి సెక్షను చేర్చిరి. దానిప్రకారము రైతు స్వయముగా ముందుకు వచ్చినచో అతని సొంత భూమిని సముదాయ రిజర్వుగా ప్రకటింపవచ్చును. 2022 సవరణతో, అట్టి సొంత భూమి విషయమున, నిర్వహణ సంఘములో యజమానికి చోటు కలిగినది. అయితే ఆ సెక్షనులో రైతుకు సొమ్ము ఇచ్చు మాట లేదు! పైగా ప్రకటన వెలువడిన పిదప సంఘము తీర్మానము, ప్రభుత్వ ఆమోదము లేనిదే భూమి వాడకమును మార్చరాదు. బీడును తోటగా మార్చవలెనన్నను ఇదే నియమము. మా అభిప్రాయములో ఈ చట్టమునకు ఇదే పెద్ద లోటు.

చిన్న పనులకు చట్టముతో పనిలేదు. గుడ్లగూబ అపశకునమని తొర్ర చెట్టును కొట్టించువారు కలరు. ఆ పక్షికి ముఖ్యాహారము పొలములోని ఎలుకలే. వరి వేయు రైతు అట్టి చెట్టునొకదానిని గట్టున ఉంచుకొనవచ్చును.

రిజర్వుకు సమ్మతింప దలచినవారు మాత్రము మొత్తము కమతమును వ్రాసి ఇయ్యక, గూళ్లున్న భాగమును కొలిపించి, సర్వే నంబరుతో ఆమేరకే సమ్మతిపత్రము వ్రాయవలెను.